లమ్మడాలో నీడలు నేర్చుకున్నాం

మొన్న పెట్టిన ఫోటో కింద చాలామంది ఒకటే అడిగారు, "ఆ హాల్లో రాతి స్తంభాలు ఎంత బాగున్నాయి, వాటికి పాలిష్ మీరే పెట్టారా" అని. అవి స్తంభాలు కావు. చదునైన గోడ మీద రంగుతో ఏసినవి. చేత్తో తడిమితే గోడే తగుల్తాది. అదెలాగ ఏస్తారో, మేం ఎందుకు నేర్చుకోవాల్సొచ్చిందో రాస్తామని ఒప్పుకున్నాం గదా, ఇదిగో రాస్తున్నాం. పెద్దదే. డ్యూటీ దిగి అన్నం తిన్నాక చదువుకోండి.

మేం అయిదుగురం. సోంపేట, కవిటి, కంచిలి వైపు వాళ్లం. ఇచ్చాపురం రైలెక్కితే ఎటెళ్లాలో చిన్నప్పట్నుంచే తెలిసిన ఊళ్లు అవి. రంగుల పని మాది. లప్పం పెట్టడం, ఎమరీ పేపర్ కొట్టడం, ప్రైమర్, రెండు కోట్లు. అంతే. చెన్నైలో చేశాం, భువనేశ్వర్‌లో చేశాం, ఇద్దరు మస్కట్‌లో చేసొచ్చారు. ఇప్పుడు యాంగోన్. మన ముసలాళ్లు రంగం అనేవారు చూడండి, ఆ రంగమే. "ఆడు రంగమెల్లిపోయాడు" అంటే ఇంక తిరిగొస్తాడో రాడో తెలీదని అర్థం మా వైపు.

గది లమ్మడాలో. లమ్మడా అంటే బర్మా మాటలో రాచబాట అనొచ్చు. తెల్లోళ్ల కాలంలో ఆ రోడ్డుకి గాడ్విన్ రోడ్డని పేరు. 1852 యుద్ధం అయిపోయాక ఇంగ్లీషువాళ్లు ఊరిని గళ్లు గళ్లుగా గీసి కట్టారు. నది వెంబడి స్ట్రాండ్ రోడ్డు, దానికి సమంగా పెద్ద రోడ్లు, వాటికి అడ్డంగా ఉత్తరం దక్షిణంగా సన్నటి వీధులు. ఇళ్లు రైలుపెట్టెల్లాగ పొడుగ్గా ఉంటాయి, ముందు బాల్కనీ, వెనకాల వంటిల్లు, మధ్యలో మొత్తం చీకటి. మా గది నాలుగో అంతస్తు. లిఫ్టు లేదు. బాల్కనీ నుంచి తాడు కిందకి వేలాడదీసి క్లిప్పుకి సంచీ తగిలిస్తే కింద కొట్టువాడు సరుకు కడతాడు. ఈ ఇంటి లెక్క ఎందుకు చెప్తున్నామంటే, వెలుతురు ఒక్క వైపు నుంచే వస్తాది. అది మాకు ఎంత కలిసొచ్చిందో కింద చూడండి.

పని సంగతి. ఒక పెద్ద హాలు. పేరొద్దు. మాకిచ్చిన పని లప్పం నుంచి ఫినిషింగ్ దాకా. నెల మిగిలుండగా సూపర్‌వైజర్ వచ్చి చెప్పాడు, గోడలకి స్తంభాలూ, పైన అంచు పట్టీలూ రంగుతోనే ఏయించాలని ఓనరు అనుకుంటున్నాడు, నిజం రాయి పెట్టే ఖర్చు ఒద్దంట. అది రానివాళ్లకి నెలాఖరుతో పని అయిపోయినట్టే. వచ్చినవాళ్లు ఇద్దర్ని ఉంచుకుంటారు, కూలి ఒకటిన్నర రెట్లు. ఎనిమిది బై నాలుగు ప్లైవుడ్ ముక్క ఒకటి ఇస్తారు, దాని మీద ఒక్క స్తంభం వేసి చూపించాలి. ఒక్క రోజు టైము.

ఇంటి దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి ఏజెంటుకి కట్టినోళ్లం. ఆ వడ్డీ మీకు తెలీనిదా. అయిదుగురిలో ముగ్గురికి అప్పు సగం కూడా తీర్లేదు. అందుకని ఆ రాత్రి అన్నం వొండుకున్నాం గానీ ఎవరికీ దిగలేదు.

మా వీధి చివర సైన్‌బోర్డులు రాసే తాత ఒకాయనున్నాడు. అందరూ ఆయన్ని సయా అంటారు, అంటే గురువుగారని. పాతకాలంలో సినిమా హాళ్లకి పెద్ద పెద్ద బొమ్మలు ఏసేవాడంట. ఈయన తాతగారిది మన శ్రీకాకుళం వైపే. ఇంట్లో తెలుగు మాట్లాడతాడు, చదవడం రాయడం రాదు. ఆ తెలుగు మనం మర్చిపోయిన తెలుగు. మొదటిసారి మమ్మల్ని పిలిచి "ఏ ఊరు బావూ" అన్నప్పుడు మాలో పెద్దాయనకి కళ్లమ్మట నీళ్లొచ్చేశాయి.

ఈయన లాంటోళ్లు ఇక్కడ ఇంకా ఉన్నారు. 1931 లెక్కల నాటికి ఈ ఊళ్లో సగానికి పైగా మన దేశం వాళ్లే. తెలుగోళ్లని కొరంగీలనేవారు, కాకినాడ పక్కన కోరంగి రేవు నుంచి ఓడెక్కి వచ్చారని. ఓడల్లో మూటలు దించడం, రిక్షా లాగడం, చెత్త ఎత్తడం. 1930 మే నెలలో రేవులో తెలుగు కూలీలు సమ్మె చేస్తే బర్మా కూలీల్ని పెట్టారు, సమ్మె తీరాక మనోళ్లని తిరిగి తీసుకునేసరికి గొడవై, ఊచకోత దాకా వెళ్లింది. 1942లో జపానోళ్లు వచ్చినప్పుడు లక్షల మంది కాలినడకన అడవుల్లోంచి ఇండియా బయల్దేరారు, దార్లో ఎంతోమంది పోయారు. ఇదంతా మళ్లీ ఎప్పుడైనా రాస్తాం. ఒక్క మాట మాత్రం ఇక్కడే చెప్పాలి. మ్యాపు చూడండి, కోరంగీ యాంగోనూ దాదాపు ఒకే గీత మీద ఉంటాయి, 16.8 డిగ్రీల దగ్గర. అంటే మధ్యాహ్నం సూర్యుడు అక్కడ ఎంత ఎత్తుంటే ఇక్కడా అంతే. మే మొదటి వారం దాటాక ఒకసారి, ఆగస్టు మొదట్లో ఒకసారి నడినెత్తి మీదకొస్తాడు, ఆ పూట నిలబడ్డ మనిషికి నీడ కాళ్ల కిందే. సముద్రం దాటొచ్చినా నీడ మారలేదన్నమాట.

తాతకి సంగతంతా చెప్పాం. నవ్వి, ఒక కోడిగుడ్డు తెచ్చి బల్ల మీద తెల్ల కాగితం పరిచి పెట్టాడు. "ఇది ఎయ్యండి."

స్తంభం వెయ్యడం నేర్పమంటే గుడ్డేటి తాతా అన్నాడు మా చిన్నోడు. "స్తంభం రేపు. గుడ్డు రాపోతే స్తంభం రాదు."

రెండు వారాలు గుడ్డే. పగలు పని, రాత్రి గుడ్డు. ఈ ఊళ్లో కరెంటు కోతలు మీరెరుగుదురు, వచ్చినపుడు వచ్చినట్టు. మిగతా జనం తిట్టుకుంటుంటే మేం కొవ్వొత్తి వెలిగించుకుని కూర్చునేవాళ్లం. ట్యూబులైటు కింద పెడితే గుడ్డు మీద నీడ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతోందో పట్టుబడదు, వెలుతురు అన్ని వైపుల్నుంచీ పారిపోతాది. కొవ్వొత్తి ఒక్కటే దీపం, చిన్న దీపం. పడిన నీడ అంచు స్పష్టంగా కనపడతాది. దీపం కిందకి దించితే నీడ సాగుతాది, పైకెత్తితే కుంచించుకుపోతాది. ఇది అరగంట ఆడుకున్నా చాలు, సగం పాఠం వచ్చేస్తాది.

గుడ్డు మీద ఏం చూడాలో తాత ఒక్కొక్కటే వేలు పెట్టి చూపించాడు. దీపం తగిలే చోట చిన్న మెరుపు. దాని చుట్టూ వెలుగు. పక్కకి తిరిగే కొద్దీ మసక. ఆ మసక ముదిరి ముదిరి ఒక చోట బాగా నల్లబడతాది. ఇక్కడే అసలు కిటుకు. చాలామంది అనుకునేదేటంటే, దీపానికి అవతలి అంచు చిట్టచివరే అన్నిటికన్నా నలుపని. కాదు. నల్లటి పట్టీ అంచుకి కొంచెం లోపలుంటాది. అంచు దగ్గర మళ్లీ కాస్త తేలిక పడతాది. ఎందుకంటే కింద పరిచిన తెల్ల కాగితం వెలుతురుని తిరిగి గుడ్డు మీదకి కొడతాది. దీన్ని తాత "ఎదురు ఎలుగు" అనేవాడు. ఈ ఎదురు వెలుగు లేకపోతే గుడ్డు గుండ్రంగా అనిపించదు, కోసిన బిళ్లలాగ ఉంటాది. అలాగని అది ఎక్కువైతే గుడ్డు లోపల బల్బు పెట్టినట్టుంటాది. నీడలో ఉన్న వెలుగు ఎంతున్నా, వెలుగులో ఉన్న మసక కన్నా ముదురుగానే ఉండాలి. ఇది ఒక్కటి గుర్తుంటే చాలన్నాడు.

ఇంక కింద పడిన నీడ. గుడ్డు బల్లకి ఆనే చోట సన్నటి నలుపు, ఈ బొమ్మ మొత్తంలో అంతకన్నా నలుపు ఉండదు. అక్కణ్నుంచి దూరం జరిగే కొద్దీ నీడ పల్చబడి అంచు మెత్తబడతాది.

మా బావ లుంగీ ఎర్రది. ఒక రాత్రి ఆయన బల్లకి ఆనుకుని కూర్చుంటే గుడ్డు కిందభాగం గులాబీ రంగు తిరిగిపోయింది. "చూశారా, ఎదురు ఎలుగు ఊరికే రాదు, ఎక్కణ్నుంచి వస్తే అక్కడి రంగు తెస్తాది" అన్నాడు తాత. బావని ఆ రాత్రంతా కదలనివ్వలేదు.

ఇంకో మాట కూడా అనేవాడు, మాలో ప్రతివాడికీ ఎప్పుడో ఒకప్పుడు తగిలింది: "ఒరే బావు, నువ్వు గుడ్డుని ఎరిగినట్టు ఏస్తన్నావు గానీ సూసినట్టు ఏస్తలేవు." గుడ్డు తెల్లగా ఉంటాదని మనకి తెలుసు, అందుకని నీడలో కూడా తెలుపే పెట్టబుద్ధేస్తాది. నిజానికి నీడలో ఉన్న తెల్ల గుడ్డు వెలుగులో ఉన్న బూడిద గుడ్డ కన్నా ముదురుగా ఉంటాది. కళ్లు సగం మూసి చూడమనేవాడు. అలా చూస్తే చిన్న చిన్న వివరాలు పోయి పెద్ద వెలుగు, పెద్ద నీడ మిగుల్తాయి.

నిజం చెప్పాలంటే ఇందులో సగం మనకి ముందే వచ్చు. లప్పం పెట్టాక గోడ సాపుగా ఉందో లేదో ఎలాగ చూస్తాం? బల్బు తెచ్చి గోడకి ఆనించి పక్కనుంచి కొడతాం. చిన్న గుంట ఉన్నా నీడ పడి దొరికిపోతాది. ఎదురుగా బల్బు పెడితే ఏమీ కనపడదు. అంటే నీడే ఆకారం చెప్తాదని మనకి ఇరవై ఏళ్ల నుంచి తెలుసు. కాపోతే ఇన్నాళ్లూ నీడ కనపడితే ఎమరీ పేపర్‌తో చెరిపేసేవాళ్లం, ఇప్పుడు కావాలని పెడుతున్నాం. ఈ మాట చెప్తే తాత చాలా సంబరపడ్డాడు.

రంగులు కొనలేదు. ఇక్కడ బొమ్మల రంగుల ధరలు మన కూలికి అందవు. బకెట్ల అడుగున మిగిలిన తెల్ల ఎమల్షన్, నల్ల స్టెయినర్. నీళ్ల సీసా మూతలు అయిదు తీసుకుని మొదటిదాన్లో ఉత్త తెలుపు, చివరిదాన్లో బాగా ముదురు బూడిద, మధ్యలో మూడు మెట్లు. మెట్టుకీ మెట్టుకీ తేడా సమంగా ఉండాలి, అది కుదరడానికే రెండు రాత్రులు పట్టింది. ఎమల్షన్‌తో ఒక ఇబ్బందుంది, మీకూ తెలుసు, తడిగా ఉన్నప్పటి కన్నా ఆరాక కాస్త ముదురుతాది. కాబట్టి ముందు కాగితం ముక్క మీద రాసి, ఆరనిచ్చి, అప్పుడు చూసుకోవాలి. ఇంకో ఇబ్బంది, తొందరగా ఆరిపోతాది. ఒక ఛాయలోంచి ఇంకో ఛాయలోకి కలపాలంటే తడి మీదే కలపాలి, లేదంటే బ్రష్ బాగా తుడిచేసి పొడి పొడిగా లాగాలి.

గుడ్డు అయ్యాక మిగతావి. టీ కొట్టులో అడిగి తెచ్చుకున్న తీపి పాల డబ్బా. సబ్బు పెట్టె. వెదురుతో అల్లిన బర్మా టోపీ, ఖమౌక్ అంటారు, నాట్లేసేవాళ్లు పెట్టుకునేది, సరిగ్గా గరాటు బోర్లించినట్టుంటాది. ప్రపంచంలో ఉన్నదంతా ఈ నాలుగిట్లోనే ఉందన్నాడు తాత. మనిషి తలకాయ గుడ్డు, చెయ్యి డబ్బా, ఇల్లు పెట్టె. మా చిన్నోడు "మా ఊరి కొబ్బరిబోండం?" అనడిగాడు. "అది గుడ్డుకి అన్న" అన్నాడు.

పెట్టె తేలిక. మూడు ముఖాలు, మూడు ఛాయలు, మధ్యలో గట్టి అంచు. డబ్బాయే స్తంభానికి అక్క. నిలువునా చూస్తే అడ్డంగా గుడ్డు లెక్కే: వెలుగు, మసక, నలుపు పట్టీ, ఎదురు వెలుగు. పై నుంచి కింద దాకా అవే చారలు.

ఆదివారం సూలే పగోడా దగ్గరికి తీసుకెళ్లాడు. మహాబండూల రోడ్డులో ఊరి నడిమధ్య ఉంటాది, మా గది నుంచి నడిచిపోవచ్చు. ఆ పగోడాకి ఎనిమిది పలకలు, కింద నుంచి పైకి వెళ్లినా అవే పలకలు సన్నబడుతూ వెళ్తాయి. "ఒక్కో పలక ఒక్కో ఛాయ, సూడండి. కలపడం లేదు, మెట్లే." తర్వాత బస్సులో ష్వేడగాన్ వెళ్లి దాని గంట భాగం చూపించాడు. అక్కడ మెట్లు లేవు, ఛాయ జారిపోతూ ఉంటాది. పైగా బంగారం కాబట్టి మెరుపు గుడ్డు మీద లాగ మెత్తగా ఉండదు, చురుక్కుమంటాది. రెండూ చూశాక దూరం నుంచి సూలేని మళ్లీ చూడమన్నాడు. దూరం నుంచి చూస్తే పలకలు కనపడవు, గుండ్రంగానే ఉంది. మాలో పెద్దాయన ఆ రోజు ఏమీ మాట్లాడలేదు గానీ చాలాసేపు చూశాడు.

ఇంకొకటి మా ఆలోచన. మన పాతబొమ్మల్లో నీడలుండవు. లేపాక్షి గోడల మీద గానీ, కలంకారీలో గానీ, మా కొండల్లో సవరోళ్లు గోడకేసే బొమ్మల్లో గానీ గీత ఉంటాది, రంగుంటాది, నేల మీద పడే నీడ ఉండదు. బర్మావాళ్ల బగాన్ గుడి బొమ్మలూ అంతే అని తాత చెప్పాడు. ఈ వెలుగునీడల పద్ధతి ఇక్కడికీ మనకీ తెల్లోళ్ల బడుల మీదుగా వచ్చింది. ఇక్కడ ఊ బా న్యాన్ అనే ఆయన లండన్ వెళ్లి నేర్చుకొచ్చాడు. రాజమండ్రి దామెర్ల రామారావు గారు బొంబాయి వెళ్లి నేర్చుకున్నారు. చిత్రం చూడండి, ఇద్దరూ 1897లోనే పుట్టారు. రామారావు గారు 1925లో, ముప్ఫై నిండకుండానే పోయారు. రాజమండ్రిలో ఆయన బొమ్మల గ్యాలరీ ఉంది, మాలో ఒక్కడూ లోపలికెళ్లలేదు గానీ దాని ముందు నుంచి చాలాసార్లు వెళ్లాం. మా జిల్లా మనిషి వడ్డాది పాపయ్య గారి బొమ్మలైతే చందమామ, యువ అట్టల మీద అందరం చూసినవే. ఇప్పుడు ఫోన్లో మళ్లీ తీసి చూస్తుంటే ఆ బుగ్గల మీద గుడ్డు కనపడుతోంది.

నీడంటే నలుపు కాదని చివరి వారంలో చెప్పాడు. కొవ్వొత్తి వెలుగు పసుపు, దాని నీడ కొంచెం నీలానికి తిరుగుతాది. పగలు నీడలో ఆకాశం రంగు కలుస్తాది. అందుకని ముదురు బూడిదలో చిటికెడు నీలం స్టెయినర్, వెలుగులో చిటికెడు పసుపు. ఆ చిటికెడుతోనే సిమెంటు రంగు పోయి రాయి రంగు వచ్చింది.

పరీక్ష ముందు రోజు రాత్రి ఒకటే మాట చెప్పి పంపాడు. "రేపు ముందు బ్రష్ ముట్టుకోకండి. కిటికీ ఎటుందో సూడండి." గోడ మీద ఏసే స్తంభానికి వెలుగు మనిష్టం వచ్చిన వైపు నుంచి రాకూడదు. గదిలో నిజం వెలుగు ఎటునుంచి వస్తోందో అటునుంచే రావాలి. లేదంటే ఎంత బాగా ఏసినా చూసేవాడి కన్ను నమ్మదు.

కిటికీ ఎడం పక్కనుంది. అయిదుగురం ఎడం పక్క వెలుగే పెట్టాం. చిన్నోడు ఛాయలు ఎంత నున్నగా కలిపాడంటే దగ్గరగా చూస్తే గాజులాగుంది. పెద్దాయన కలపలేదు. మాస్కింగ్ టేపు నిలువుగా అంటించుకుని, ఎనిమిది పట్టీలు, ఎనిమిది ఛాయలు, మెట్లు మెట్లుగా వదిలేశాడు. దగ్గరికెళ్తే చారల లుంగీలాగుంది. మేం ఒకళ్ల మొహాలు ఒకళ్లం చూసుకున్నాం. ఆయనకి నలభై ఎనిమిదేళ్లు, ఇంటి దగ్గర కూతురి పెళ్లి అప్పుంది.

సూపర్‌వైజర్ లోపలికి రాలేదు. గుమ్మం దగ్గరే నిలబడి, ముప్ఫై అడుగుల దూరం నుంచి అయిదు పలకలూ చూశాడు. అక్కణ్నుంచి చూస్తే పెద్దాయన స్తంభం బయటికొచ్చి నిలబడింది. చిన్నోడిదీ నిలబడింది. వాళ్లిద్దర్నే ఉంచాడు. పట్టీల పద్ధతైతే రోజుకి ఎక్కువ పని తెగుతాదని కూడా అన్నాడంట, అతని లెక్క అతనిది.

మిగతా ముగ్గురం నెలాఖరుకి దిగిపోయాం. ఇద్దరు ఊళ్లో ఉన్నాం, ఒకరు విశాఖలో ఒక అపార్టుమెంటు పనికి కుదిరాం. ఈ పోస్టు రెండు దేశాల నుంచి వాట్సాప్‌లో ముక్క ముక్కా చెప్పుకుని రాసింది, అందుకే "మేం" అంటున్నాం. బాధ లేదనం. అప్పు అలాగే ఉంది, వడ్డీ పెరుగుతోంది. కానీ ఆ ఇద్దర్లో ఎవరి మీదా ఎవరికీ ఏమీ లేదు. వచ్చే ఆ ఎక్కువ కూలిలోంచి మొదటి నెల కొంత మా ముగ్గురి ఇళ్లకీ పంపారు, ఒద్దన్నా వినలేదు. విశాఖలో ఉన్నాయన బాల్కనీ గోడకి ఒక అంచు పట్టీ ఏసి చూపిస్తే అక్కడి మేస్త్రీ ఇంకో రెండు ఫ్లాట్లకి అడిగాడు. దానికి కూలి ఎంత చెప్పాలో మాకెవరికీ తెలీక నవ్వుకున్నాం.

ఇప్పుడు మీ సాయం కావాలి. హాల్లో ఏడు స్తంభాలైపోయాయి. ఎనిమిదోది మూల దగ్గర, దానికి అటో కిటికీ ఇటో కిటికీ. రెండు వైపుల్నుంచీ వెలుతురే. తాత అడిగితే "నడిమధ్య నలుపు పెట్టండి, రెండంచులూ వెలిగించండి" అంటున్నాడు. పెద్దాయన మాత్రం ఒక కిటికీ పెద్దది, ఒకటి చిన్నది గదా, నలుపు పట్టీ చిన్న కిటికీ వైపు జరగాలి అంటున్నాడు. పాల డబ్బాకి రెండు కొవ్వొత్తులు పెట్టి చూస్తే పెద్దాయన మాటే నిజంలాగుంది, కానీ డబ్బా చిన్నది, స్తంభం పద్నాలుగడుగులు. దుబాయ్‌లో గానీ దోహాలో గానీ హోటళ్లలో ఇలాంటి పని చేసినవాళ్లుంటే కింద రాయండి. శుక్రవారం లోపు చెప్తే మేలు, శనివారం పరంజా ఎక్కుతున్నారు.